నిలబడితే వణికే బండి

నల్లగొండలో ఆ కార్ల సర్వీసు సెంటర్‌కు ముందు అద్దాల గది, వెనక రేకుల షెడ్డు ఉంటాయి. గుర్వమ్మ అద్దాల గదిలో కూర్చోలేదు. ఆ ఏసీ చల్లదనం ఆమెకు గిట్టదు. షెడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, పైకెత్తి ఉన్న తమ తెల్ల కారు కడుపు వైపు చూస్తూ కూర్చుంది. లోపల కౌంటర్ దగ్గర ఆమె కొడుకు మల్లేశ్, సుమన అనే అమ్మాయితో వాదం పెట్టుకున్నాడు. తలుపు తెరిచే ఉంది. ప్రతి మాటా బయటికి వినబడుతోంది.

"మేడం, బండి కొని రెండు నెల్లు కాలే. సిగ్నల్ కాడ ఆగితే సాలు, సీటు కింద గజగజ. మా అమ్మ పండ్లు టకటక కొట్టుకుంటున్నయ్."

"నా పండ్ల ముచ్చట నీకెందుకురా," అంది గుర్వమ్మ కూర్చున్న చోటు నుంచే.

సుమన నవ్వు ఆపుకుంది. "మూడు సిలిండర్ల ఇంజన్ అన్నా ఇది. ఆగినప్పుడు జర వైబ్రేషన్ ఉంటది. నడిచేటప్పుడేమన్న ఉందా?"

"నడిస్తే వెన్న లెక్క పోతది. ఆగితేనే."

"ఏసీ బంద్ చేసి చూసిన్రా? న్యూట్రల్‌ల పెట్టి చూసిన్రా?"

"అన్నీ చూసిన. పోయినసారి ఇంజన్ కింది రబ్బర్లు మార్చిన్రు. అంతకు ముందుసారి కంప్యూటర్ పెట్టి ఇంజన్ స్పీడు పెంచిన్రు. నేను అడిగేది ఒక్కటే. కొత్త బండి ముసలోని లెక్క ఎందుకు వణుకుతాంది?"

కాసేపటికి సైదులు అనే మెకానిక్ కారును కిందికి దించి, స్టార్ట్ చేసి, ఇంజన్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"మల్ల కొత్త రబ్బర్లేసిన తమ్మీ. ఇంజన్ సాఫ్‌గనే ఉంది. వణికేది ఇంజన్ కాదు."

"మరేంది వణికేది?"

"బాడీ," అన్నాడు సైదులు. ఆ మాట తనకే నచ్చనట్టు మొహం పెట్టి, ఇంకో కారు కిందికి దూరాడు.

గుర్వమ్మ లేచి బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆమె చేతులు గొర్రెల వీపుల మీదే ఉన్నాయి. మిషన్ వణుకు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. పిండి గిర్నీ చూసింది, బోరు మోటరు చూసింది. అది ఒకే తీరుగా ఉంటుంది. ఇది అలా లేదు. ముందు నుంచి మొదలై, వెనకదాకా అలలాగా పోయింది. ఆగింది. మళ్ళీ ముందు నుంచి మొదలైంది.

ఆమె చెయ్యి తీసేసింది. ఇది తెలుసుకోవడానికే ఆమె ఇవాళ వెంట వచ్చింది. "నువ్వెందుకమ్మా" అని మల్లేశ్ అంటే, "వస్త" అని మాత్రమే అని ఎక్కి కూర్చుంది.

బండి ఇంటికొచ్చిన వారానికి ఊరి గుట్ట కింది మైసమ్మ దగ్గరికి తోలుకుపోయారు. ట్రాక్టరు కొన్నా, ఆటో కొన్నా వాళ్ళ ఊళ్ళో అదే పద్ధతి. గుర్వమ్మ భర్త బీరప్ప మందలోంచి పొట్టేలును తానే ఏరి తెచ్చాడు. నుదుట బొట్టు పెట్టి, మెడకు వేపమండ కట్టి, వీపు మీద పసుపునీళ్ళు చల్లారు. నీళ్ళు పడగానే పొట్టేలు ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే ఒప్పుకున్నట్టు, వాళ్ళ మాటలో 'ఇచ్చినట్టు'. ఒప్పుకున్నదాని మీదే కత్తి పెట్టాలి. గొర్రెలు కాసే ఇళ్ళలో ఈ సంగతి పిల్లలకు విడిగా చెప్పరు. చూస్తూ పెరుగుతారు.

ఆ పొట్టేలు విదిలించలేదు. మళ్ళీ చల్లారు. చెవిలో పోశారు. నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి రాయిలా నిలబడి మల్లేశ్‌నే చూస్తోంది.

"ఇస్తలేదు. ఇడిచిపెట్టు. ఇంకోదాన్ని తెస్త," అన్నాడు బీరప్ప.

"దోస్తులందరు ఒచ్చి కూసున్నరు నాయినా. నువ్వు మందకు పొయ్యి ఒచ్చేటాల్లకు పొద్దుగూకుతది." మల్లేశ్ రెండు చేతులూ ఉన్నిలో దూర్చి, పొట్టేలును పట్టి గట్టిగా ఊపాడు. "గిదిగో. ఇచ్చింది. మస్తుగ ఇచ్చింది."

దోస్తులు నవ్వారు. ఎవరో ఈల వేశారు. కత్తి పడింది. నెత్తురు తెచ్చి నాలుగు టైర్లకూ అద్దారు. బీరప్ప ముద్ద ముట్టకుండా లేచి మంద దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటి ముందు ఆపినప్పుడే బండి మొదటిసారి వణికింది.

నల్లగొండ నుంచి తిరిగి బయలుదేరేసరికి మబ్బు కమ్మింది. అప్పుడప్పుడే చలి మొదలైన రోజులు. బండి నడిచినంతసేపూ బాగానే ఉంది. మల్లేశ్ హుషారుగా పాట పెట్టాడు. స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేశాడు.

"సూసినవా, సెట్ అయ్యింది."

"ఆపి సూడు," అంది గుర్వమ్మ.

అతను ఆపలేదు. పాట చప్పుడు పెంచాడు.

రామన్నపేట దాటి తమ ఊరి తోవ పట్టాక రైల్వే గేటు వస్తుంది. వీళ్ళు చేరేసరికి ఇస్రాయేలు గేటు దించుతున్నాడు. అతను ఆ గేటు కాపలాదారు. అతని గది పట్టాల అవతల ఉంది. గది ముందు ఒక్క బల్బు వెలుగుతోంది. ఇవతల వీళ్ళ కారు తప్ప ఇంకో బండి లేదు. రెండు పక్కలా పత్తి చేన్లు. పొద్దు గూకింది. ఎక్కడో కీచురాళ్ళు మొదలుపెట్టాయి.

బండి ఆగింది. వణుకు మొదలైంది.

ఈసారి సీటు కింద కాదు. తలుపులు, అద్దాలు, ముందున్న డబ్బా మూత, గుర్వమ్మ తల వెనకున్న దిండు, అన్నీ. మల్లేశ్ పళ్ళు కొరికి తాళం చెవి తిప్పి ఇంజన్ ఆపేశాడు. పాట ఆగిపోయింది. ముందు లైట్లు ఆరిపోయాయి.

వణుకు ఆగలేదు.

కీచురాళ్ళు ఆగాయి.

"అమ్మా... ఇంజన్ బంద్ చేసిన..."

"తెలుస్తాంది."

"మరి ఇదేంది..."

గుర్వమ్మ ముక్కు ఎగబీల్చింది. వాసన వస్తోంది. కొత్త సీట్ల వాసన కాదు. తడిసిన ఉన్ని వాసన. దానితో కలిసి పసుపు, పచ్చి వేపాకు. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. లోపల చల్లబడుతోంది. ఊపిరి తెల్లగా కనబడేంత చలి. ఆ ప్రాంతంలో పుష్యమాసం తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు.

చిటుక్కుమని చప్పుడైంది.

మల్లేశ్ మెడ తడుముకున్నాడు. "నీళ్ళు సల్లుతున్నవా అమ్మా?"

"లేదు."

ఆమె పైకి చూసింది. కప్పు పొడిగా ఉంది. వెనక్కి చూసింది. సీటు ఖాళీగా ఉంది. చూస్తుండగానే చారెడు నీళ్ళు, ఎవరో దోసిలితో విసిరినట్టు, మల్లేశ్ వీపు మీద పడ్డాయి. అంగీ ఒంటికి అతుక్కుంది. ఆ తడి పసుపుపచ్చగా ఉంది.

బండి ఒక్క అడుగు ముందుకు జరిగింది.

"బిరక్ మీదనే ఉన్న... అమ్మా, బిరక్ మీదనే ఉన్న..." మల్లేశ్ గొంతు పిల్లాడి గొంతయింది. చేతి బ్రేకు కూడా లాగాడు. ఒక్కో వణుకుకూ బండి ఇంత ముందుకు జరుగుతూనే ఉంది. ముక్కు గేటు కడ్డీకి తగిలింది. కడ్డీ కిర్రుమంది. అతను తలుపు తీయబోయాడు. రాలేదు. ఆమె వైపుదీ రాలేదు. ఎడమ పక్క, చాలా దూరాన, పట్టాల మీద ఒక వెలుతురు పుట్టింది.

మళ్ళీ చారెడు నీళ్ళు.

మల్లేశ్ భుజం మీద చర్మం అదిరింది. ఈగ వాలితే గొర్రె తోలు అదిరినట్టు.

అప్పుడు గుర్వమ్మకు అర్థమైంది. బండి వణకడం కాదు ఇది. అడగడం. ఎట్లా విదిలించాలో వాడికి చూపిస్తూ, వాణ్ణి అడుగుతోంది. వాడు ఒక్కసారి ఒళ్ళు విదిలిస్తే చాలు. ఒప్పుకున్నట్టు.

"కొడుకా. ఒళ్ళు ఇదిలియ్యకు."

"సలి పెడ్తాంది... ఆగుతలేదమ్మా..."

"పండ్లు బిగవట్టు."

"ఒస్తాంది... లోపల్నుంచి ఒస్తాంది..."

ఆమె బెల్టు విప్పుకుంది. గేరు రాడ్డు మీదుగా అటు వాలి, వాడి తలను తన కడుపులోకి అదిమి పట్టింది. చిన్నప్పుడు జ్వరంలో వాడు మూలుగుతుంటే పట్టుకున్నట్టే పట్టింది. రెండు చేతులూ వాడి వీపు చుట్టూ బిగించింది. తన మెడ, తన వీపు పైకి పెట్టింది.

"వాణ్ణి కాదు. నన్నడుగు."

కాసేపు ఏమీ జరగలేదు.

తర్వాత ఆమె మెడ మీద నీళ్ళు పడ్డాయి.

చలి వెన్ను మీదుగా నడుం దాకా పాకింది. తొడల్లో కండరాలు పట్టేశాయి. దవడలు అదరబోయాయి. మనిషి ఒంట్లో తన మాట వినని చోటు ఒకటి ఉంటుంది. వణుకు అక్కడి నుంచే పుడుతుంది. అది పుడుతోంది. మెడ కింద మొదలైంది... రెక్కల మధ్యకు వచ్చింది... ఆమె అరికాళ్ళు బండి నేలకు తన్నిపెట్టింది. పొట్టేలు ఎట్లా నిలబడిందో అట్లా.

మళ్ళీ నీళ్ళు. ఈసారి చెవిలో.

రైలు కూత వేసింది. వెలుతురు అద్దం మీద పడి లోపలంతా తెల్లబడింది. గేటు కడ్డీ వంగుతోంది. ఆమె చెవి పక్కనే, వెనక సీటు వైపు నుంచి, ఎవరో ఆగి చూస్తున్న ఊపిరి. వెచ్చగా లేదు.

"అది ఇయ్యలే," అంది గుర్వమ్మ గుసగుసగా. "గుంజుకున్నరు. తప్పే. అయినా సరే, నేనియ్య. వీణ్ణియ్య. నన్నుగూడ ఇయ్య. ఎన్నిసార్లడుగుతవో అడుగు."

ఇంకోసారి నీళ్ళు.

ఆమె కదల్లేదు.

రైలు వచ్చింది. బోగీల వెలుతురు ఒకదాని వెనక ఒకటి వాళ్ళ మీదుగా పోయింది. చప్పుడులో ఏదీ వినబడలేదు. ఆఖరి బోగీ వెనకాల ఎర్ర దీపం దూరమయ్యేసరికి బండి నిశ్చలంగా ఉంది. పత్తి చేన్లలో కీచురాళ్ళు మళ్ళీ మొదలుపెట్టాయి.

ఇస్రాయేలు గేటు ఎత్తి, టార్చీ వేసుకుని వచ్చాడు. అద్దం మీద కొట్టాడు.

"ఏందయ్యా, గేటు కడ్డీ ఒంచినవ్? రైలు జర ఆగుతదనుకున్నవా? కొత్త బండి తీసుకుంటే సాలదు, నడుపుడు గూడ నేర్వాలె." అంతలో లోపల తల్లి కొడుకును పట్టుకున్న తీరు చూసి గొంతు తగ్గించాడు. "ఏమన్న ఫికరా అమ్మా? దవాఖానకు పోవాల్నా?"

"లేదు," అంది గుర్వమ్మ. "ఇంటికి పోతున్నం."

మల్లేశ్ తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. అయినా బండిలో చీమ నడిచినంత కదలిక లేదు. ఇంటి ముందు దిగాక మల్లేశ్ తిన్నగా మంద దగ్గరికి నడిచి, బీరప్ప కాళ్ళ దగ్గర చతికిలబడి ఏడ్చాడు. బీరప్ప వాడి తడి వీపు మీద గొంగడి కప్పాడు.

నాలుగు దినాలకు వాడు మళ్ళీ మామూలు మనిషయ్యాడు. వయసు అట్లాంటిది. సుమన ఫోన్ చేసి, "వైబ్రేషన్ ఎట్లుందన్నా?" అంటే, "నిల్ మేడం, ఇంజన్ ఆన్‌ల ఉందో లేదో గూడ తెలుస్తలే, మీ రబ్బర్లు సెట్ అయినయ్," అన్నాడు. గుర్వమ్మ విని ఊరుకుంది. వాడు బతికి ఉన్నాడు. రబ్బర్ల వల్ల అనుకుంటే అనుకోనీ.

ఆమె మాత్రం ఒకటి కనిపెట్టింది. ఇంటి వెనక తడకల చాటున స్నానానికి కూర్చుని మొదటి చెంబు నెత్తిన పోసుకోగానే చుట్టూ చప్పుడు ఆగిపోతుంది. కోళ్ళు ఆగుతాయి. రోడ్డు మీద ఆటోలు ఆగినట్టవుతాయి. ఎవరో చూస్తున్నట్టు. నీళ్ళు ఒంటి నుంచి కారిపోయేదాకా చూసి, వెళ్ళిపోయినట్టు. చలి ముదిరింది. ఆమె కాగిన నీళ్ళు మానేసింది. చన్నీళ్ళే పోసుకుంటోంది. అడిగేదేదో గట్టిగానే అడగనీ అని.

"సలి పెడ్తలేదా అత్తమ్మా?" అని కోడలు పుష్ప తడక అవతల నుంచి ఒకరోజు అడిగింది.

"పెడ్తది."

"మరి?"

"పెట్టనీ."

పుష్ప తడక సందులోంచి అత్త ఒంటి మీద రోమం కూడా లేవకపోవడం చూసి, లోపలికి పోయి మల్లేశ్‌తో ఏదో గొణిగింది.

మరునాడు తెల్లారి గుర్వమ్మ బకెట్ నిండా నీళ్ళు పెట్టుకుని రాతి మీద కూర్చుంది. కొప్పు ముడి విప్పుతోంది. అప్పటిదాకా కూస్తున్న కోడి సగంలో ఆపేసింది.

చారెడు నీళ్ళు ఆమె నడినెత్తి మీద పడ్డాయి.

గుర్వమ్మ అరికాళ్ళు రాతికి తన్నిపెట్టి, పళ్ళు బిగబట్టింది. చెంబు ఇంకా తడక గుంజ మీద బోర్లించే ఉంది.