పెరటి మట్టి

ధర్మ మేష్టారు మంచివాడే, కానీ తను చెప్పే పాఠం తనకే వంటబట్టని రకం. హుకుంపేట దగ్గర ఆశ్రమ పాఠశాలలో పిల్లలకి బొర్రా గుహలు ఎలా ఏర్పడ్డాయో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాడు. పైన ఎర్రమట్టి, కింద సున్నపురాయి, రాయిలో నీళ్లు తొలిచిన బొరియలు. అదే బొర్రా దగ్గర గట్టు మీద పది సెంట్లు కొనబోయినప్పుడు మాత్రం ఆ బొమ్మ గుర్తు రాలేదు. రోడ్డు పక్కనే, ఎదురుగా లోయ, పొద్దున్నే మబ్బులు గుమ్మంలోకొస్తాయి. ఇంకేం కావాలి? భార్య కనకకి నెలలు నిండాయి. బిడ్డ పుట్టేలోగా పునాది పడాలని అతని ఆరాటం.

నేల అమ్మే సుక్రు తాత ఒకటే షరతు పెట్టాడు. మోకాలిలోతు గొయ్యి తవ్వాలి, తీసిన మట్టి మళ్లీ అందులోనే పొయ్యాలి. మట్టి మిగిలితే ఇల్లు కట్టుకోవచ్చు. చాలకపోతే ఆ నేల జోలికి పోకూడదు.

తవ్వి పోశారు. జానెడు తక్కువైంది.

"ఇది ఆకలి నేల. నేనమ్మను బాబూ," అన్నాడు తాత.

ముసలాడి చాదస్తం అనుకున్నాడు ధర్మ. వానకి మట్టి కొట్టుకుపోయి ఉంటుంది, ఇంకోసారి చూద్దామని బతిమాలాడు. చూసి చూసి తాత గురువారం రమ్మన్నాడు.

గురువారం పొద్దున కనక నడుం నొప్పంది. గంటలో వచ్చేస్తానని అత్త రత్నాలుకి అప్పజెప్పి బండెక్కాడు ధర్మ. వెనక రెండు గోనెసంచుల నిండా మట్టి. పెరడంతా గట్టినేల. మూలన అరటి చెట్టు కింద మాత్రం మెత్తగా ఉంటే అక్కడే తవ్వుకొచ్చాడు. తాత రాకముందే ఆ మట్టి గొయ్యిలో కుమ్మరించి, పైన ఎర్రమట్టి కప్పి, కాళ్లతో తొక్కడం మొదలెట్టాడు.

పదకొండు గంటలకే పొగమంచు దిగింది. ముందు లోయ పోయింది, తర్వాత రోడ్డు, ఆ తర్వాత బండి. తడిమట్టి వాసనలో ఇంకేదో కలిసింది. పురిటి గది వాసన. ఈ గట్టు మీద ఎందుకొస్తుందది...

కుడికాలు ఎత్తబోయాడు. రాలేదు.

ఎడమకాలి మీద బలం వేశాడు. అదీ దిగింది. మోకాళ్ల దాకా. బురద కాదది, పొడిమట్టే. కానీ వెచ్చగా ఉంది. మెల్లగా బిగుస్తోంది... వదులుతోంది... మళ్లీ బిగుస్తోంది.

మంచులో ఎక్కడో బండి సంచిలో ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. పది అడుగుల దూరం. ధర్మకి ఏడుపొచ్చింది.

అప్పుడొచ్చాడు సుక్రు తాత. గొయ్యి చూశాడు. ఖాళీ సంచులు చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఎక్కడి మట్టిరా ఇది?"

"మా పెరటిది తాతా."

"పెరట్లో ఏ మూల?"

"అరటి చెట్టు కింద..."

తాత తల పట్టుకుని కూలబడ్డాడు. "మీ ఇంట్లో మాయ పాతేది అక్కడే కాదేటి?"

అక్కడే. ధర్మ పుట్టినప్పుడు బిడ్డతో పాటు పడిన మాయ, వాళ్ల నాన్నది, వాళ్ల తాతది, అన్నీ ఆ చెట్టు కిందే. చిన్నప్పట్నుంచీ తెలిసిన సంగతే. పార సులువుగా దిగుతోంది కదా అని తవ్వేశాడు, ఖర్మ.

"మొన్నటి దాకా నువ్వెవులో ఈ నేలకి తెల్దు. ఇప్పుడు ఇంటి మనిషివనుకుంటంది. ఇంటి మనిషిని ఎవులైనా పంపేత్తారా?"

తాత అతని చంకల కింద చేతులేసి లాగాడు. లాగిన కొద్దీ ధర్మ దిగాడు, నడుం దాకా. ఫోను మళ్లీ మోగితే తాత వెతికి తెచ్చి అతని చెవి దగ్గర పెట్టాడు. అత్త గొంతు, ఆస్పత్రి నుంచి.

"బేగి రా బాబూ. బిడ్డ కాళ్లు ముందొచ్చినాయి. మోకాళ్ల కాడ ఆగిపోనాది. ఎంత సేసినా కదల్లేదు... లోపల ఎవులో పట్టుకున్నట్టుందంట."

వద్దు వద్దని తాత నోటి మీద వేలేసుకుని సైగ చేస్తున్నా ధర్మ వినలేదు. మట్టి మీద రెండు అరచేతులూ ఆన్చి వేడుకున్నాడు.

"నన్నొగ్గేయ్ తల్లీ. నాకు బిడ్డ పుడతంది. మా ఇంటికి కొత్త బిడ్డ వస్తంది..."

బిగువు ఆగింది. నేల వింటున్నట్టుంది...

వదిలేసింది.

ధర్మ పాక్కుంటూ పైకొచ్చాడు. తాత అతని మొహం చూడలేదు. "ఎందుకు సెప్పినావురా దానికి," అని మాత్రం అన్నాడు.

ఆస్పత్రికి చేరేసరికి ఆడపిల్ల పుట్టి ఉంది. ఉన్నట్టుండి దానంతటదే జారి బయటపడిందని అత్త కనబడిన గోడకల్లా దణ్ణం పెడుతోంది. ధర్మ బిడ్డని గుండెకి అదుముకుని మంచం పక్కన కూర్చున్నాడు. భయమంతా కళ్ల నీళ్లయి కారిపోయింది.

"మన ఆడగుంటకి ఏ పేరెడదాం?" అని అడిగాడు.

కనక గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. "మనం పెట్టక్కర్లేదు," అంది.

"అదేటి?"

"గుంట పుట్టినప్పట్నుంచీ మంచం కింద నుంచి ఏదో దాన్ని పేరెట్టి పిలుస్తానే ఉంది. నీకు వినబడలేదా?"

ధర్మకి ఏమీ వినబడలేదు. కానీ చేతుల్లోని పసిగుడ్డు, ఇంకా కళ్లయినా తెరవనిది, మెల్లగా తల తిప్పింది. నేల వైపు.

తిప్పి... "ఊఁ" అంది.