ఐదు గదుల విడిది

"మిగిలిన చలువ ఐదు గదులకు గంటసేపు వస్తుంది. ఒక్క గదికైతే సాయంత్రం దాకా వస్తుంది," అంది గోడమీది చలువకావలి. రెంటచింతలలో మిట్టమధ్యాహ్నం. బయట యాభై రెండు డిగ్రీలు.

మనిషికి రోజుకింత అని చలువ పంచే యంత్రం అది. ఒకప్పుడు అద్దె ఇళ్ళల్లో దిగినవాళ్ళు ఏసీ పెట్టుకుని దుప్పటి కప్పుకుంటుంటే, పక్కవీధిలో జనం వడదెబ్బకు రాలిపోయారు. జనం కొట్లాడి తెచ్చుకున్నారు దాన్ని. మంచి పనే. వేలిముద్ర వేసి తన వాటా ఇంకొకరికిచ్చే వీలూ పెట్టారు. మగపెళ్ళివారనే వాళ్ళు ఉంటారని మాత్రం చేసినవాళ్ళకు తట్టలేదు.

పెళ్ళికొడుకు తల్లి సామ్రాజ్యం పన్నెండుమందిని ఐదు గదుల్లో సర్ది తలుపులు బిగించింది.

"ఇది ఆగిందంటే మేం బండెక్కి ఊరికెళ్ళిపోతాం, హుస్సేన్‌బీ. విడిదిలో చెమటలు కక్కిన మగపెళ్ళివారు ఎక్కడన్నా ఉన్నారా?"

"నాకు చెప్తే ఏం లాభమమ్మా," అంది ఇల్లు అద్దెకిచ్చిన హుస్సేన్‌బీ. "కావలి నా మాటా వినదు, మీ మాటా వినదు. ఆడపెళ్ళివారు వెనక వసారాలో ఉన్నారు. వెళ్ళి అడగండి."

సామ్రాజ్యం అడగడానికి కాదు, కడగడానికే వెళ్ళింది.

వసారాలో తడిపిన గోనెల మీద పడి ఉన్నారు అందరూ. పెళ్ళికూతురు సులోచన బుగ్గచుక్క చెమటకు కరిగి మెడ దాకా కారింది. తండ్రి వీరాంజనేయులు కండువా సర్దుకుంటూ లేచాడు.

"చలువ చాల్లేదా చెల్లెమ్మా? మాదంతా పొద్దున్నే మీ గదులకిచ్చేశాం. ఇంక లేదమ్మా."

"ఎవరిమ్మన్నారు?"

"విడిది మర్యాద గదా."

"బాగానే ఉంది మీ మర్యాద. పిల్ల సొమ్మసిల్లితే పీటల మీద ఎవర్ని కూచోబెడతారు అన్నయ్యగారూ, మిమ్మల్నా?"

సులోచన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. నాలుగు గదులు తనే ఖాళీ చేయించింది. ఆవిడ మామగారు గొణిగాడు.

"వియ్యాలవాళ్ళ ముందు బనీనుతో పడుకోమంటావా?"

"చొక్కా వేసుకోండి మామయ్యా. ఉక్కపోసేది మీకే."

రెండువైపులవాళ్ళూ మిగిలిన ఒక్క గదిలో చాపలేసుకుని ఇరుక్కున్నారు. కాసేపటికి గురకలు కలిసిపోయాయి. తాము నోరు తెరుచుకుని నిద్రపోతుండగా చూసినవాళ్ళ మీద కాఫీ చల్లారిందని అలగడానికి ఎవరికి మొహం చెల్లుతుంది? ఆ సాయంత్రం ఒక్కరూ అలగలేదు.

ఎండ వాలాక పంతులుగారు గుమ్మంలోకొచ్చి, "అమ్మా, పెళ్ళికూతుర్ని లేపండి, గౌరీపూజకు వేళైంది," అన్నారు.

సులోచన అత్తగారి ఒళ్ళో తలపెట్టి నిద్రపోతోంది. సామ్రాజ్యం కాలు ఎప్పుడో తిమ్మిరెక్కింది. కదపలేదు.

"కాస్త ఆగండి పంతులుగారూ. పిల్లకిప్పుడే కునుకు పట్టింది."