రేకు విప్పిన డిష్

ఉదయం పదకొండుకి ప్రొఫెసర్‌ని ఆయన ల్యాబ్‌లోనే కాల్చి చంపారు. పదకొండున్నరకల్లా ఏజెంట్ తొండ చీఫ్ ఎదుట ఉన్నాడు. క్షణానికో వేషం మారుస్తాడని ఆఫీసు పెట్టిన పేరది.

"ఎర్ర లైటు, తక్కువ డోసు," అన్నాడు చీఫ్. "గాయం పూడ్చే కణాలు దానికి హుషారుగా కదులుతాయి. డోసు పెరిగితే చస్తాయి. సరైన డోసు నంబర్ ప్రొఫెసర్ దీపం మెమరీలో ఒక్కచోటే ఉంది. విదేశీ ముఠాకి దక్కకూడదు. ల్యాబ్ లోపల మన లేడీ ఏజెంట్ ఉంది."

"మనకైనా దక్కుతుందా సార్?"

"మీ అక్కగారి సంగతి తెలుసయ్యా. ముందు డ్యూటీ."

అక్క కాలిపుండు పది నెలలుగా మానలేదు. ఆ లైటుతో ప్రయత్నిద్దామని ప్రొఫెసర్ మాటిచ్చాడు. లేకపోతే శుక్రవారం మోకాలి కింద తీసేస్తారు. అమ్మ పోయాక ఆ కాళ్ల మీద నిలబడే అక్క తొండని పెంచింది.

తొండ ఎలక్ట్రీషియన్ వేషంలో, టెస్టర్‌లో కెమెరా దాచుకుని ల్యాబ్‌కి వెళ్లాడు. తెల్లకోటులో చూపు తిప్పుకోలేని అందగత్తె ఏడుస్తూ ఎదురొచ్చింది.

"బల్బు మార్చాలా?"

"హోల్డరే మార్చాలి."

కోడ్‌వర్డ్ సరిపోయింది, చీఫ్ చెప్పిన ఏజెంటే. బల్లమీద కణాలు పెంచే గాజు డిష్‌లున్నాయి. కణాల పొర మీద గాయంలా గీత గీసి, సగం డిష్‌లకి లైటు వేస్తారు. మిగతా సగం రేకు చుట్టి చీకట్లో ఉంచుతారు, గీత ఎంత పూడిందో పోల్చడానికి. వాటి రేకులన్నీ విప్పేసి ఉన్నాయి.

"రేకు విప్పేశావేం?"

"ఇంక వాటితో పనేముంది?"

తొండకి అనుమానం తగిలింది. నంబర్ చేతికి రానివాళ్లు ఆ డిష్‌లని కళ్లలో పెట్టుకుని చూసుకుంటారు. అక్కర్లేదంటే, నంబర్‌కి దారి దొరికిపోయినట్టే.

దీపం వెనక ట్రాన్స్‌మిటర్ మిణుకుమంటోంది. నంబర్ ముఠాకి చేరడానికి ఇంకా తొమ్మిది సెకన్లు!

ఆమె ఏడుపు ఠక్కున ఆగింది. పిస్తోలు బయటికొచ్చింది. "లేటయ్యావు తొండా!"

దీపం మీట నొక్కితే దాని తెరమీద నంబర్ కనబడుతుంది. ఒక్క ఫొటో చాలు, అక్క కాలు నిలుస్తుంది. కానీ తెర వెలిగేలోపు నంబర్ సరిహద్దు దాటుతుంది. తొండ దీపాన్ని ఊడబెరికి నీళ్ల తొట్టిలో ముంచేశాడు. తూటా భుజాన్ని గీసుకుపోయింది. ట్రాన్స్‌మిటర్ ఒక్క సెకను దగ్గర ఆగిపోయింది. గార్డులొచ్చి ఆమెని పట్టుకున్నారు.

చీఫ్ శభాష్ అన్నాడు. ఆ మాట తొండకి చేదుగా తగిలింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, లైటు దొరికిందా?"

"లేదక్కా. నా చేత్తో నేనే ఆర్పేశాను."

"నీకు దెబ్బలేం తగల్లేదు కదా?"

"భుజం గీసుకుంది."

"మానుతుందిలే, కుర్ర ఒళ్లు. నా సంగతంటావా, ఇకనుంచి కాలిగోళ్లు తీసుకునే పని సగం తగ్గింది."