రెండో ముద్ద

2023 ఫిబ్రవరి 11, శనివారం. ఆ సాయంత్రం నేను పద్నాలుగు ముద్దలు తిన్నాను. వంజరంతో మొదలై తియ్యటి గుడ్డట్టుతో ముగిసింది. తేదీతో సహా ఇంత బాగా ఎందుకు గుర్తుందంటే, ఆ తరువాత ఒకరు నాకు దాన్ని అప్పజెప్పారు.

రాజమండ్రిలో గోదావరి గట్టు మీద ఒక పెద్ద హోటల్. దాని నాలుగో అంతస్తులో ఎనిమిదే కుర్చీలున్న జపనీస్ సుషీ కౌంటర్ ఉండేది. అక్కడ మెనూ కార్డు ఇవ్వరు. ఏం పెట్టాలో వండే ఆయన ఇష్టం. ఆ పద్ధతిని ఒమకాసే అంటారు. చెక్క బల్లకి అవతల ఆయన నిలబడి, గోరువెచ్చటి అన్నాన్ని వేళ్ళతో ఒత్తి, పైన పచ్చిచేప ముక్క పరిచి, ఒక్కొక్కటే మన ముందు పెడతాడు. అది నోట్లో వేసుకుంటేనే తరువాతది వస్తుంది.

నేను రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో లాబ్ చూస్తాను. జపాన్ నుంచి కొనేవాళ్ళు వచ్చినప్పుడల్లా వాళ్ళని ఆ కౌంటర్‌కి తీసుకెళ్ళాలి. మా ఎం.డి. గారికి పచ్చిచేప అంటే భయం. "నువ్వు ఎమ్మెస్సీ చదివావు కదయ్యా ప్రసాదూ, నీకేం కాదు, వెళ్ళు" అని నన్ను పంపారు.

మొదటి ముద్ద వచ్చింది. అటూ ఇటూ చూశాను. టీ పోస్తున్న అమ్మాయిని మెల్లగా అడిగాను.

"ఒక్కటేనా అండి?"

"ఒక్కటేనండి."

"మా ఇళ్ళల్లో ఒక్కటి పెట్టరండి. అట్టయినా ఇడ్లీ అయినా, రెండోది వద్దంటే సగం తుంచైనా పక్కన పడేస్తారు. ఒంటి ముద్ద కాకికి పెట్టేది."

"మా ఇంట్లోనూ అంతేనండి. కానీ ఇది మా ఇల్లు కాదు, మీరు కాకీ కాదు. తినండి, అన్నం చల్లారిపోతుంది."

పక్కనున్న జపాన్ ఆయన ఏమిటని అడిగాడు. ఆమె వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. జపాన్ వాళ్ళు ముగ్గురూ నన్ను చూసి నవ్వారు.

"ఏం చెప్పారండి?"

"ఈయనకి ఆకలెక్కువ, ఓపిక తక్కువ అని చెప్పానండి."

ఆమె పేరు వీరదుర్గ. ఉప్పాడ మత్స్యకారుల అమ్మాయి. చెన్నైలో ఒక జపాన్ కంపెనీ కాంటీన్లో నాలుగేళ్ళు చేసి ఆ భాష పట్టేసింది. బల్లకి అవతల ముద్దలు చేసే లోవరాజుది కూడా ఉప్పాడే, ఆమెకి వరసకి అన్న. ఒసాకాలో పన్నెండేళ్ళు పని నేర్చుకుని వచ్చాడు. తెల్లవారుజామున ఉప్పాడ రేవులో తానే నిలబడి చేప ఏరుకుంటాడు. ఎంతమంది వస్తారో అంతమందికి సరిపడేంతే కొంటాడు.

"ఉప్పాడలో మీ ఇల్లు ఎక్కడండి?" అని అడిగాను మరోసారి.

"ఇప్పుడు సముద్రంలోనండి. నేను పుట్టిన గది మీంచి పడవలు వెళ్తున్నాయి."

బస్సు ఏ దారిన వెళ్తుందో చెప్పినట్టు చెప్పింది.

మార్చిలో మళ్ళీ వెళ్ళాను. ఆ రోజు వచ్చినవాళ్ళు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటున్నారు. ఆమె నా కప్పు నింపుతూ అడిగింది.

"ఒక్కటి పెట్టరని పాఠం చెప్పారు కదా. మీ ఇంట్లో రోజూ ఎన్ని అట్లు వేస్తారండి?"

"ఇప్పుడు ఒక్కటేనండి. మా ఆవిడ సత్యవాణి పోయి నాలుగేళ్ళవుతోంది. డెంగ్యూ. నా ఒక్కడికే కదా అని ఒక్కటే వేసుకుంటున్నాను."

ఆ తరువాతి ముద్ద వచ్చినప్పుడు ఆమె దాని పక్కన చింతగింజంత అన్నం ఉండ ఒకటి తెచ్చి పెట్టింది. దాని మీద చేప లేదు, ఏమీ లేదు.

లోవరాజు చూశాడు. ఆ కౌంటర్లో సెంటు పూసుకుని కూడా రాకూడదు. అంత నియమం.

"ఏంటమ్మా దుర్గా అది?"

"తోడు, అన్నయ్యా."

అతను నన్నొకసారి చూశాడు. ఆ తరువాతి ముద్ద నుంచి, నా వంతుకి చిటికెడు అన్నం తానే పక్కకి తీసి పెట్టాడు. అలాంటి చిన్న దయలు మనుషులు ఎక్కడ నేర్చుకుంటారో నాకు తెలియదు. ఇప్పటికీ నేను అట్లు రెండు వేసుకుంటాను. ఆమె నేర్పిన అలవాటే.

అప్పటి నుంచి జపాన్ వాళ్ళ రాక కోసం నాలాగా మా కంపెనీలో ఎవరూ ఎదురుచూసి ఉండరు. "ఈ నెల వాళ్ళు రావట్లేదటయ్యా, నీకు హాయి" అని ఎం.డి. గారు అన్న రోజున, అవునండి అని నవ్వి లాబ్‌లోకి వెళ్ళి ఖాళీ గాజు గొట్టాలు మళ్ళీ కడిగాను.

అక్కడ తలుపు పక్కకి జరిపే చెక్క తలుపు. భోజనం అయ్యాక ఆమె గుమ్మం దాకా వచ్చి నిలబడేది. వచ్చినవాళ్ళు కనుమరుగయ్యేదాకా దాన్ని వేయకూడదు. "వీపు మీద తలుపు వేసినట్టు ఉండకూడదండి" అనేది. ఎదురుగా లిఫ్టు. నేను దాని ముందు నిలబడి గోడ మీది బొమ్మలు చూసేవాణ్ణి.

"లిఫ్టు బటన్ నొక్కాలండి ప్రసాద్ గారూ. దానంతట అది రాదు."

"నొక్కాననుకున్నానండి."

"పోయిన నెలా అలాగే అనుకున్నారు."

జులైలో ఒక మధ్యాహ్నం కోటిపల్లి బస్టాండు దగ్గర కుండపోత వాన. ఆమె చిన్న గొడుగు కింద కాకినాడ బస్సు కోసం నిలబడి ఉంది. నేను కారు ఎక్కడో పెట్టి తడుస్తూ వచ్చాను.

"ఇది ఒక్కరి గొడుగండి" అంది నన్ను చూసి.

"ఒక్కటి పెట్టకూడదు కదండి."

నవ్వింది. గొడుగు సగం ఇటు జరిపింది. ఇద్దరం సమానంగా తడిశాం. కారులో దింపుతానని చెప్పడం, బస్సు కదిలాక గుర్తొచ్చింది.

సెప్టెంబరు 23న వెళ్ళినప్పుడు ఆమె టీ పోస్తూ కప్పు వైపే చూస్తూ చెప్పింది.

"అన్నయ్య ఇక్కడ మూసేస్తున్నాడండి. గోవాలో పెడతాడట. నన్నూ రమ్మంటున్నాడు. అక్టోబరు ఎనిమిది, ఆదివారం, ఏ సంగతీ చెప్పాలి." కెటిల్ పక్కన పెట్టింది. "ముందు రోజు శనివారం నాకు సెలవు."

"అయితే ఆ శనివారం నాకు రెండు కుర్చీలు కావాలి. ఒకటి మీకు."

"నేను అటువైపు ఎప్పుడూ కూర్చోలేదండి."

"అందుకే. నేనొక మాట అడగాలి."

"ఇప్పుడే అడగచ్చుగా."

"పద్నాలుగో ముద్ద అయ్యాక అడుగుతాను."

"అమ్మో, అన్ని తినాలా" అంది. కానీ చెవుల దాకా ఎర్రబడింది.

శుక్రవారం సాయంత్రం సామర్లకోట నుంచి మా అత్తగారు రత్తమ్మ గారు ఫోన్ చేశారు.

"రేపు అవిధవా నవమి బాబూ. గుర్తుంది కదండీ? పొద్దున్నే వచ్చేయండి."

నాకు గుర్తులేదు. నేను చూసిన క్యాలెండర్లో ఓడల తేదీలు తప్ప తిథులుండవు. మహాలయ పక్షంలో ఆ నవమి, భర్త ఉండగా వెళ్ళిపోయిన ఆడవాళ్ళ రోజు. ఆమె పేరు మీద ఒక ముత్తయిదువకి భోజనం, చీర పెట్టాలి. ఆ తరువాత భర్త ఒక్క పూట తింటాడు. మళ్ళీ తెల్లవారేదాకా ఏదీ తినడు. నాలుగేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు.

శనివారం పొద్దున పెరటి గోడ మీద పెట్టిన ముద్దని కాకి వెంటనే ఎత్తుకుపోయింది. రత్తమ్మ గారు కళ్ళు తుడుచుకున్నారు.

"తినేసింది నా తల్లి. ఇంక మీరూ ఒంటిగా ఉండకండి బాబూ. మనసుకి నచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే తీసుకురండి. ఆ పిల్లకి నేనే బొట్టు పెడతాను."

కూతురి ఫొటోకి దండ వేసిన చేతులతోనే ఆవిడ నా తల నిమిరారు. అప్పుడైనా నాకు ధైర్యం రావాల్సింది.

దారంతా ఒకటే ఆలోచన. రోజు మార్చడానికి లేదు. రేపు దుర్గ జవాబు చెప్పాలి. పోనీ, ఈ రోజు నా భార్య రోజు అని ఆమెకి చెప్పేస్తే? పెళ్ళి మాట అడిగే సాయంత్రం పోయినామె పేరు ఎత్తితే అపశకునంలా ఉంటుందనిపించింది. తినకుండా కూర్చుందాం, ఏదో ఒకటి చెబుదాం అనుకున్నాను.

ఆమె ఆవపువ్వు రంగు ఉప్పాడ చీర కట్టుకుని వచ్చింది. కుర్చీ ఎక్కి కాళ్ళు ఆనక ఇబ్బంది పడింది.

"ఇటువైపు ఇంత ఎత్తుందని తెలీదండి. ఇన్ని నెలలు ఎలా కూర్చున్నారు?"

"ఎదురుగా చూస్తూ కూర్చున్నానండి."

లోవరాజు నవ్వు దాచుకుని ఇద్దరి ముందూ చెరొక ముద్ద పెట్టాడు. ఆమె నాతోపాటు తిందామని వేళ్ళతో పట్టుకుని ఆగింది.

"నాకు వద్దండి లోవరాజు గారూ. ఆవిడకి పెట్టండి."

"అదేంటండి?" అంది ఆమె.

"ఉపవాసమండి."

"ఏం ఉపవాసం?"

"శనివారం."

ఆమె చేయి అలాగే ఉంది.

"ఎప్పటి నుంచండి?"

"ఈ మధ్యేనండి."

"ఫిబ్రవరి పదకొండు శనివారమండి. పద్నాలుగు తిన్నారు. పోయిన నెల ఇరవై మూడూ శనివారమే, అప్పుడూ పద్నాలుగే. ఈ మధ్యే అంటే ఈ రెండు వారాల్లోనా?"

"అవునండి" అన్నాను.

ఆమె ముద్ద తినేసింది. రెండోదాని పక్కన లోవరాజు చిన్న అన్నం ఉండ పెట్టబోయాడు.

"వద్దన్నయ్యా. ఒక్కటే పెట్టు."

చందువ వచ్చింది, సూర చేప వచ్చింది. పక్కన ఒక కుటుంబం పుట్టినరోజు ఫొటోలు తీసుకుంటోంది. ఆరో ముద్ద అయ్యాక ఆమె నాకు మాత్రమే వినబడేలా అంది.

"కాకినాడలో కాలేజీలో ఉన్నప్పుడు ఫ్రెండు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళానండి. వాళ్ళమ్మగారు ఎంత ప్రేమగా వడ్డించారో. వాళ్ళమ్మాయి మాత్రం నా పక్కన కూర్చోలేదు. ఎందుకండీ అని అడిగితే, ఉపవాసం అన్నారు వాళ్ళమ్మగారు. ఆ రోజూ శనివారమే."

"అయ్యో, అలా కాదండి."

"నేను అటు నిలబడి పెడితే తిన్నారు. ఇటు పక్కన కూర్చుంటే తినలేకపోతున్నారు. చేపలమ్మే వాళ్ళ పిల్లని. చెప్పేస్తే పోతుంది కదండి."

అంతమంది మధ్య, ఫొటోలూ నవ్వుల మధ్య, సత్యవాణి పేరు ఎత్తలేకపోయాను. "తరువాత చెబుతానండి" అన్నాను. అది ఇంకా తప్పుగా వినబడింది.

ఆమె పద్నాలుగూ తిన్నది. అక్కడ వదిలేస్తే వండినవాడికి అవమానం. ఒక్కొక్కటీ మందు మింగినట్టు మింగింది. గుడ్డట్టు ముక్క అయ్యేసరికి మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. లోవరాజు కత్తులు తుడుస్తూ అటు తిరిగాడు.

"పద్నాలుగు అయ్యాయండి" అంది. "అడుగుతానన్నారు."

నేను అడగాల్సింది వదిలి, చెప్పాల్సింది చెప్పాను. నవమి సంగతి, సామర్లకోట, గోడ మీది ముద్ద, అన్నీ. ఆమె చివరిదాకా కదలకుండా విన్నది.

"కాకి ముట్టిందా అండి?"

"వెంటనే."

"మంచిది" అంది. నిజంగానే అంది. కాసేపు ఖాళీ పళ్ళెం వైపు చూసింది. "పొద్దున ఫోన్ చేసి చెప్పుంటే నేనూ మంచినీళ్ళు తాగి మీ పక్కన కూర్చునేదాన్ని. రేపు ఇద్దరం ఎక్కడో టిఫిన్ తినేవాళ్ళం. ఆ మాట నేను మోయలేననుకున్నారు."

"భయపడ్డానండి."

"తెలుస్తోందండి. కానీ మీ భయం నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది."

"ఉండిపోండి దుర్గ గారూ. మా అత్తగారు పొద్దున తానే అన్నారు, ఎవరైనా ఉంటే తీసుకురమ్మని. ఆ పిల్లకి తానే బొట్టు పెడతానని."

ఆమె కళ్ళు నిండాయి. "ఆవిడకి నా నమస్కారం చెప్పండి" అంది. "రేపెప్పుడో ఇంకో రోజు మీరు నా పక్కన తినకపోతే, మీరు చెప్పే కారణం నేను నమ్మాలి కదండి. నమ్మలేను. ప్రతిసారీ ఈ గంటన్నర గుర్తొస్తుంది. రోజూ మిమ్మల్ని పరీక్ష పెట్టుకుంటూ బతకలేను. నేను గోవా వెళ్తానండి."

కుర్చీ దిగి, కొంగు దోపుకుని, బల్లకి అవతలికి వెళ్ళింది. నా కప్పులో చల్లారిన టీ పారబోసి వేడిది పోసింది.

"ఉపవాసానికి టీ పనికొస్తుందిగా. పొద్దుటి నుంచి ఒక్క పూటే తిన్నారు. తాగి వెళ్ళండి."

తాగాను. ఆ సాయంత్రం నా నోట్లోకి వెళ్ళింది ఆ కప్పు టీ ఒక్కటే.

"నువ్వు కూర్చో దుర్గా, సార్‌ని నేను పంపిస్తాను" అన్నాడు లోవరాజు.

"నాకు అలవాటే అన్నయ్యా."

గుమ్మం దాకా వచ్చింది. నేను లిఫ్టు ముందు నిలబడ్డాను. గోడ మీది బొమ్మలేవీ కనబడలేదు.

"లిఫ్టు బటన్ నొక్కాలండి ప్రసాద్ గారూ."

"నొక్కితే మీరు తలుపు వేసేస్తారు."

"మీరు కనబడుతున్నంతసేపు వేయలేనండి." ఆమె గొంతు మెత్తబడింది. "నిలబడలేకపోతున్నాను. వెళ్ళండి."

ఆమె కోసం నేను చేయగలిగింది ఇంక అదొక్కటే మిగిలింది. నొక్కాను. లోపలికి వెళ్ళి, ఆమెకి కనబడకుండా పక్క గోడకి ఆనుకున్నాను. ఆ గది వెలుతురు వరండా దాటి లిఫ్టు గడప దాకా పరుచుకుని ఉంది. చూస్తుండగానే అది సన్నబడింది, దారమంతైంది. ఆ చెక్క తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.