ఏడో దొంతర

మీరేం చూశారో చెప్పండి. సెలవులకు వెళ్ళి గొంతుల లోయ నడిచొచ్చామని అందరికీ ఫోటోలు చూపిస్తున్నారు గదా, అందుకే అడుగుతున్నాను. లోయలోకి దిగే చీలిక దగ్గర, కుడిచేతి పక్కన, మోకాలెత్తున ఒక రాళ్ళ దొంతర ఉండాలి. ఐదు రాళ్ళు. అడుగున పలకరాయి, పైన కోడిగుడ్డంత ఎర్రరాయి. చూశారా, లేదా? "గమనించలేదండీ" అని మాత్రం అనకండి. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. థేన్ కూడా సరిగ్గా ఆ మాటే అన్నాడు.

థేన్ చెడ్డవాడేం కాదు. యూటా బొగ్గుగనుల్లో ముప్పై నాలుగేళ్ళు నాతోపాటే పనిచేశాడు. సమ్మె రోజుల్లో పిల్లలతో సహా పస్తులున్నాడు గానీ కంపెనీ కాగితం మీద సంతకం పెట్టి పనిలోకి పోలేదు. పని మానేశాక ఏటా అక్టోబరులో భార్య లారూతో కలిసి పాత ట్రక్కులో గుడారం వేసుకుని బయల్దేరేవాడు. పది రోజులు ఎర్రకొండల్లో, ఎడారి లోయల్లో నడక. అదే వాళ్ళ పండగ.

ఆయనకో పిచ్చి ఉండేది. దారి తెలియడానికి రేంజర్లు పెట్టే రాళ్ళ దొంతరలు కొన్ని ఉంటాయి. ఫోటోల కోసం వచ్చేపోయేవాళ్ళు పేర్చేవి వాటికి పదింతలు. అలాంటిది కంటబడితే చాలు, "కొండని కొండలా ఉండనివ్వరు వెధవలు" అంటూ బూటు కాలితో ఒక్క తన్ను తన్నేవాడు. లారూ నవ్వేది. "ముసలోడా, ఆ రాయి నీకేం బాకీ పడిందయ్యా?" అనేది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది లేదు. పెళ్ళయిన కొత్తలోనే సరదాగా "ముసలోడా" అంది. అదే స్థిరపడిపోయింది.

ఒక ఏడాది లారూ మోకాలు వాచి మోటెల్లో ఉండిపోయింది. థేన్ ఒక్కడే గొంతుల లోయలోకి దిగాడు. దిగేటప్పుడు ఆ లోయ ఏమీ అనదు. చీలికలన్నీ ఒకదాంట్లో ఒకటి కలుస్తూ అడుక్కి పోతాయి. ఎక్కేటప్పుడే చిక్కు. కలిసిన ప్రతిచోటా రెండు నోళ్ళు. రెండూ ఒకే ఎరుపు, ఒకే వెడల్పు. ఒకటి పైకి తెస్తుంది. రెండోది ఎక్కడికి పోతుందో ఎవరూ చూసి చెప్పలేదు. ఆ రోజు ప్రతి కూడలిలోనూ సరైన నోటి దగ్గర ఎవరో దొంతర పేర్చి ఉంచారు. ఆరు కూడళ్ళలో ఆరు, పైన చీలిక మొదట్లో ఏడోది. థేన్ వాటిని చూసుకుంటూనే పైకొచ్చాడు. దాటిన ప్రతిదాన్నీ తన్నేశాడు.

వారం తిరక్కుండా రేంజరు ఫోన్ చేశాడు. లినెట్ హోబర్న్ అనే అమ్మాయి, ఇరవై ఏడేళ్ళది, అదే రోజు దిగి తిరిగి రాలేదు. దారి మొదట్లో రేకుపెట్టెలో, దిగేవాళ్ళు పేర్లు రాసే పుస్తకంలో ఆమె పేరు కిందే ఈయన పేరుంది. "సార్, మీరేమైనా చూశారా? ఏదైనా గుర్తు, ఏ దొంతరైనా?"

"గమనించలేదండీ," అన్నాడు థేన్.

పదకొండు రోజులు వెతికారు. ఏ చీలిక నుంచి మొదలుపెట్టాలో తెలియక అన్నీ వెతికి, ఏదీ పూర్తిగా వెతకలేక మానేశారు.

గనిలో దిగే ముందు ఒక్కో మనిషి తన ఇత్తడి బిళ్ళ బోర్డుకి తగిలిస్తాడు. పైకొచ్చాక తీసుకుంటాడు. బిళ్ళ వేలాడుతోందంటే మనిషి లోపలే ఉన్నట్టు. ఒకడి బిళ్ళ ఇంకొకడు ముట్టుకోడు. తాగినవాడు కూడా ముట్టుకోడు. ముప్పై నాలుగేళ్ళు ఆ బోర్డు ముందు నిలబడ్డ మనిషి ఏడు బిళ్ళలు తన్నేసి, అడిగితే చూడలేదన్నాడు. నాకు కోపమెందుకో ఇప్పుడు అర్థమైందా?

మరుసటి ఏడాది లారూ పట్టుపట్టింది. "నిరుడు నన్ను మోటెల్లో పడేసి ఒక్కడివే చూసొచ్చావు. ఈసారి నేను చూడాల్సిందే." వద్దనడానికి కారణం చెప్పాలి. చెప్పలేదు. వచ్చాడు.

రేకుపెట్టె పక్కన వెలిసిపోయిన కాగితం మీద లినెట్ బొమ్మ, ఎర్రటోపీ పెట్టుకుని నవ్వుతోంది. లారూ పేరు పైకి చదివి, "పాపం, ఎవరి పిల్లో," అంది. థేన్ పెన్సిలు తీసుకుని తమ పేర్లు రాశాడు.

చీలిక మొదట్లో దొంతర ఉంది. ఐదు రాళ్ళు. పైన ఎర్రరాయి. వెతికినవాళ్ళు పెట్టుంటారనుకున్నాడు. కిందికి దిగుతుంటే కూడలి కూడలికీ ఒకటి. నిరుడు ఉన్నచోటే. వాన పడి రెండు నెలలయింది. అయినా ప్రతిదాని మీదా పై రాయి తడిగా ఉంది.

"ఏం ముసలోడా, కాలు నొప్పా? ఒక్కదాన్నీ తన్నట్లేదే?"

"నడువు."

"వయసు మీద పడేసరికి బుద్ధొచ్చినట్టుంది మా ఆయనకి," అని నవ్వుకుంటూ ముందు నడిచింది.

అడుగున ఎండిపోయిన మడుగు దగ్గర కూర్చుని రొట్టె, ఎండుమాంసం, డబ్బాలో పీచ్ పళ్ళు తిన్నారు. తల పైన ఆకాశం నీలం దారప్పోగంత సన్నంగా కనిపిస్తోంది. మిట్టమధ్యాహ్నమే, కానీ కింద సాయంత్రంలా ఉంది. గాలి లేదు. చల్లటి రాతి వాసన, దానడుగున ఎప్పటిదో బురద వాసన. గని వాసన కూడా అలాగే ఉండేది.

తిరుగు నడకలో మొదటి కూడలి వచ్చింది. దొంతర లేదు.

రాళ్ళు చెల్లాచెదురుగా పడున్నాయి. లారూ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "తన్నావూ? నేను చేతులు కడుక్కుంటుంటే ఇటొచ్చి తన్నావు కదూ? ఇప్పుడెటు పోవాలయ్యా?"

"నేను కాదే."

"మరెవరు, మీ తాతా?"

ఆయన ఇసుకలోకి చూస్తున్నాడు. దొంతర ఉన్న చోటుకి ఎదురుగా ఒక బూటు గుర్తు. మునివేళ్ళ దగ్గర లోతుగా, తన్నిన కాలిలా. మడమ దగ్గర గంటు. గనిలో బొగ్గు మోసే పట్టా తెగి తగిలినప్పుడు తన ఎడమ బూటు మడమకి పడ్డ గంటు అది. పొద్దున ఆయన ఆ దొంతరకి నాలుగడుగుల దూరంలోంచి నడిచాడు. దగ్గరికి పోలేదు.

ఎడమ నోట్లో కొంతదూరం పోయారు. గోడలు దగ్గరయ్యాయి. వెనక్కొచ్చి కుడి నోట్లో దూరారు. రెండో కూడలి... అక్కడా రాళ్ళు చెదిరి ఉన్నాయి. అదే గంటు.

అప్పుడు థేన్ ఇసుకలో కూలబడి చెప్పాడు. అంతా చెప్పాడు. ఏడు దొంతరలూ, ఫోన్‌లో చెప్పిన అబద్ధమూ.

లారూ చిన్నగా అంది. "పదకొండు రోజులు. ఆ పిల్ల తల్లి రోజూ టీవీలో ఏడుస్తుంటే నా పక్కన కూర్చుని సూపు తాగావు నువ్వు." సంచి భుజానికెత్తుకుంది. "నా వెనక రాకు. కాసేపు రాకు."

వంపు తిరిగింది. పది అడుగులే. బూట్ల చప్పుడు వినిపించింది. తర్వాత వినిపించలేదు.

"లారూ?"

వంపు దాటి చూశాడు. ఎదురుగా మూడో కూడలి. రెండు నోళ్ళు. ఇసుకలో ఆమె అడుగులు కూడలి దాకా వచ్చి... ఆగిపోయాయి.

"లారూ!"

కుడి నోట్లోంచి, లోపలినుంచి, మెల్లగా... "థేన్... ఇటు."

లారూ గొంతే. కానీ లారూ ఆయన్ని పేరు పెట్టి పిలవదు. ఆయన పేరు రేకుపెట్టెలో పుస్తకంలో ఉంది. అది చదివినవాళ్ళెవరైనా పిలవొచ్చు.

ఎడమ నోట్లోంచి, ఇంకా దూరంగా... "ముసలోడా... రాళ్ళు లేవయ్యా. ఎటు రావాలో తెలీట్లేదు."

ఎడమ నోట్లోకి పరుగెత్తాడు. భుజాలు గీసుకుపోయాయి. ముందు గోడ. నిలువుగా, నున్నగా, ఆకాశం దాకా. గోడ అవతలనుంచి ఆమె దగ్గు వినిపించింది. గోడకి చెంప ఆనించాడు. రాయి చల్లగా ఉంది.

"ఎక్కడున్నావే?"

"నువ్వు కనబడట్లేదు."

"కదలకు. నేను దారిలో దొంతరలు పెడతాను. వాటిని చూసుకుంటూ వచ్చెయ్. సరేనా?"



కూడలికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు పేర్చాడు. జన్మలో మొదటిసారి. పలకరాయి, దాని మీద ఇంకోటి, ఇంకోటి. రెండుసార్లు కూలింది. మళ్ళీ పేర్చాడు. ఐదు రాళ్ళు నిలబడ్డాక గోడ లేని కుడి నోట్లోంచి పైకి నడిచాడు. వంపు తిరిగాడు.

వెనక... ధడేల్మని చప్పుడు. రాళ్ళు దొర్లిన చప్పుడు.

తిరిగొచ్చి చూశాడు. చెదిరిపోయి ఉన్నాయి. ఇసుకలో గంటు మడమ. ఎవరూ లేరు. మళ్ళీ పేర్చాడు. మళ్ళీ వంపు తిరిగాడు. మళ్ళీ అదే.

ఎన్నిసార్లు పేర్చాడో ఆయనకే లెక్క లేదు. గోళ్ళు చీలి నెత్తురొచ్చింది. "తన్నింది నేనే! నన్ను తన్ను! ఆమె ఏం చేసింది?" అని అరిచాడు. లోయ ఆ అరుపుని ఏడుసార్లు తిప్పి ఆయనకే ఇచ్చింది. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఊపిరి పీల్చినట్టు...

నిలబడి కాపలా కాస్తే దొంతర నిలుస్తుంది. కదిలితే కూలుతుంది. ఒక్క మనిషి ఒక్క కూడలిలోనే నిలబడగలడు. అక్కడే కూర్చుంటే సాయం తేవడానికి ఎవరు పోతారు? పోతే ఆమెకి దారెవరు చూపిస్తారు? ఇంత పెద్ద శరీరం, ఇన్నేళ్ళు బొగ్గు మోసిన చేతులు, దేనికీ పనికి రాలేదు. చివరికి పైకి నడిచాడు. కూడలి కూడలికీ ఒకటి పేర్చాడు. వెనక ఒక్కొక్కటే కూలుతుంటే వింటూ నడిచాడు.

సూర్యుడు కొండంచున ఉండగా పైకొచ్చి చీలిక మొదట్లో ఏడోది పేర్చాడు. దాని పక్కన కూర్చున్నాడు. దాన్ని మాత్రం వదల్లేదు. రేకుపెట్టె దగ్గర కనబడ్డ నడకవాళ్ళని కేకేసి రేంజర్లకి కబురు పంపాడు.

ఈసారి ఏమీ దాచలేదు. అడిగినవీ అడగనివీ చెప్పాడు. తాళ్ళతో, కుక్కలతో దిగారు. లోపల ఒక్క దొంతరా లేదన్నారు. షెరీఫు సాక్ష్యమని ఆయన బూట్లు తీసి సంచిలో వేసి, సీలు వేసి తన గదిలో పెట్టుకున్నాడు. పదకొండో రోజున వెతకడం ఆపేశారు.

ఒక కుర్ర రేంజరు, "పెద్దాయనా, రూలు ప్రకారం ఇది తీసెయ్యాలి," అని దొంతర మీదికి కాలెత్తబోయాడు. ముసలాయన అడ్డంగా పడుకున్నాడు. అతనేమనుకున్నాడో, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి అక్కడే, ట్రక్కులో. చలికాలమంతా. రబ్బరు చెప్పులతో. గాలి పడిపోయినప్పుడు లోపలినుంచి "ముసలోడా" అని వినిపిస్తుందట. నాకు వినిపించలేదు. నాకు ఇంకోటి చూపించాడు. చీలికలోంచి వచ్చే ఇసుకలో బూటు గుర్తులు. మడమ దగ్గర గంటు. ఆ బూట్లు షెరీఫు గదిలో సీలు వేసే ఉన్నాయి, నేను వెళ్ళి చూశాను. గుర్తులు దొంతర వైపుకే వస్తున్నాయి. ప్రతి తెల్లారికీ ఒక్క అడుగు ముందుకి. నేను చూసిన రోజున, అంటే పోయిన శనివారం, ఇంకా రెండు అడుగుల దూరముంది.

పోయిన ఆదివారం ఆయనకి ఊపిరి ఆడక ఆసుపత్రికి తీసుకుపోయారు. గొట్టాల మధ్యనుంచి నా చేయి పట్టుకుని ఒక్కటే అడిగాడు. మళ్ళీ అంతదూరం నడిచే ఓపిక నా కాళ్ళకి లేదు. ఆయన తరఫున మిమ్మల్ని అడుగుతున్నాను.

మీరు బుధవారం అటు వెళ్ళారు. మీరు దాటేటప్పుడు అది నిలబడే ఉందా?