థైమస్ పెట్టె

బలరామ్ శవం హిందీ మాట్లాడే ఆ ఉక్కు నగరంలో, జుగ్సలాయి బస్తీలో ఒక ఉల్లిపాయల గోడౌన్ వెనక దొరికింది. మెడ మీద సూది గుచ్చిన చుక్క తప్ప ఒంటి మీద వేరే గాయం లేదు.

సెక్షన్ చీఫ్ గౌరీశంకర్ ఆ ఫోటోని బల్ల మీద రోహిణి వైపు జరిపాడు. ఆమె ఫీల్డ్ ఏజెంట్. జుగ్సలాయి అమ్మాయినని చెప్పి, ఆస్పత్రి క్యాంటీన్‌లో పనిచేస్తోంది. అసలు ఊరు శ్రీకాకుళం పక్కన ఒక పల్లె.

"గమ్హరియా ల్యాబ్ నుంచి పెట్టె తేవాల్సింది ఇతనే. ఇప్పుడు నువ్వు తెస్తావు."

"అందులో ఏముంది సార్?"

"థైమస్ ముక్కలు. అమర్ అనే కాంట్రాక్ట్ వెల్డర్ పాప థైమస్ లేకుండా పుట్టింది. వేరే బిడ్డకి గుండె ఆపరేషన్ చేస్తూ తీసినవాటిని ల్యాబ్‌లో కల్చర్ చేశారు. ఆ పద్ధతి కోసం ఆర్కిడ్ ముఠా సముద్రం దాటి వచ్చింది. దొంగతనం బయటపడకుండా నకిలీ పెట్టె పెడతారు."

"నకిలీ పెడితే పాపకి ఏమవుతుంది?"

గౌరీశంకర్ కళ్ళజోడు తీశాడు. "థైమస్ గుండె పైనుండే గ్రంథి, రోగాలతో పోరాడే సైనిక కణాలకి ట్రైనింగ్ క్యాంప్. అక్కడ కొన్ని కణాలు ఒంట్లో ఉన్నవాటికి నమూనాలు తయారుచేస్తాయి, గుండెవీ, కాలేయానివీ, చర్మానివీ. పక్క కణాలు వాటిని అందుకుని అవి కూడా చూపిస్తాయి. కొత్త సైనిక కణం ఆ నమూనా మీద గట్టిగా విరుచుకుపడిందా, అక్కడే చావు. కొంచెం తగ్గి కరిచినవాటిలో కొన్నిటిని కాపలాకి మారుస్తారు. నకిలీ ముక్కల్లో ఆ నమూనాలు చూపించే కణాలు చచ్చిపోయి ఉంటాయి."

"అయితే?"

"పాప సైన్యం పాపనే తింటుంది."

గౌరీశంకర్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"పెట్టె అందుకునేది సోనీ. ముఠాలో మన డబుల్ ఏజెంట్. తరాల కిందట వలస వచ్చిన తెలుగువాళ్ళ బస్తీ సీతారాండేరాలో పుట్టి పెరిగింది."

మర్నాడు ఉదయం పెట్టె రోహిణి ఇడ్లీ క్యారియర్ అడుగు అరలో ఆస్పత్రికి చేరింది. కింద లిఫ్ట్ దగ్గర సోనీ నిలబడి ఉంది. తెల్ల కోటు కింద నెమలికంఠం రంగు చీర, చేతిలో మేకప్ కేసు, చుట్టూ ఖరీదైన సెంటు వాసన.

"ఈరోజు పెరుగు పుల్లగా ఉందా?" అంది సోనీ.

"తోడు ఎక్కువైంది."

కోడ్ సరిపోయింది. అయినా రోహిణి క్యారియర్ వదల్లేదు. బలరామ్ మెడ మీది చుక్కే కళ్ళలో మెదులుతోంది.

అప్పుడే పాప ముత్తవ్వ దాలమ్మ గోడ పట్టుకుని వచ్చింది. "ఏటమ్మా, మా పాపకి ఆ ముక్కలు ఎప్పుడు పెడతారు? బయమేత్తంది."

"ఇప్పుడే పెడతన్నారు మామ్మా. నువ్వేటీ బెంగెట్టుకోకు," అంది సోనీ.

అచ్చం తన ఊరి మాట. రోహిణి గుండె మెత్తబడింది. అడుగు అరలోంచి పెట్టె తీసి ఇచ్చేసింది. సోనీ పైనున్న థియేటర్‌కి వెళ్ళడానికి లిఫ్ట్ ఎక్కింది.

దాలమ్మ మనవడి దగ్గరికి నడిచింది. "అమరూ, పెడతన్నారంటరా."

"హో జాయేగా దాదీ, టెన్షన్ మత్ లో," అయిపోతుందిలే, కంగారుపడకని హిందీలో అన్నాడు అమర్, ఫోన్ మీంచి తల ఎత్తకుండా.

రోహిణి తల తిప్పి అమర్‌ని చూసింది. క్యాంటీన్‌లో తను రోజూ వింటున్నదే. పెద్దవాళ్ళు తెలుగులో అడుగుతారు, కుర్రకారు హిందీలో జవాబిస్తారు. సీతారాండేరాలో పెరిగిన ఏ అమ్మాయి ఇంత శుభ్రంగా శ్రీకాకుళం యాసలో మాట్లాడుతుంది? సోనీ ఆ యాస నేర్చుకుని వచ్చింది. ఎవరికి ఎలా జవాబివ్వాలో మాత్రం ఆమెకి ఎవరూ నేర్పలేదు.

రోహిణి మెట్ల మీదుగా పరుగెత్తింది.

థియేటర్‌లో డాక్టర్ సూర్యప్రకాష్ ఫోర్సెప్స్‌తో మొదటి ముక్క ఎత్తాడు. ముక్కలు నాటడానికి పాప తొడ కండలో చేసిన కోత తెరిచి ఉంది.

"ఆపండి," అంది రోహిణి గుమ్మంలోంచి. "పెట్టెలో పరీక్ష ముక్క ఉంటుంది. రంగు వేసి చూడండి."

"ల్యాబ్‌లోనే చూశారుగా?"

"ఇంకొకళ్ళు కూడా చూడాలి డాక్టర్."

వెనక నుంచి సెంటు వాసన. సోనీ చేతిలో లిప్‌స్టిక్, దాని కొనలో సూది. రోహిణి స్టీలు క్యారియర్ తిప్పి ఆమె మణికట్టు మీద కొట్టింది. సూది నేల మీద దొర్లింది. గార్డులు సోనీని పట్టుకున్నారు.

సూర్యప్రకాష్ మైక్రోస్కోప్ మీద వంగాడు. రంగు వేస్తే పచ్చగా వెలగాల్సిన కణాల్లో ఒక్కటీ వెలగలేదు. మేకప్ కేసు అడుగున దొరికిన పెట్టెలోని ముక్క మాత్రం చుక్కల ఆకాశంలా వెలిగింది. ఆపరేషన్ మళ్ళీ మొదలైంది.

సాయంత్రం గౌరీశంకర్ అడిగాడు. "సోనీ మన వైపు తిరుగుతానంటోంది. కాపలాకి పనికొస్తుందా?"

"ఎంత గట్టిగా కరిచిందో చూడాలి కదా సార్. బలరామ్‌ని చంపింది ఆమే."

ఆయన ఫైలు మూసేశాడు. ఏం రాశాడో ఆమె అడగలేదు. పెట్టె ఆమె చేత్తోనే సోనీకి ఇచ్చిన సంగతి ఆయనా ఎత్తలేదు.

ఆస్పత్రి మెట్ల మీద దాలమ్మ ఆపింది. "పాప కళ్ళు తెరిసిందే. టీ తాగుతావా?"

"తాగుతాను మామ్మా. నువ్వు ఏమైనా తిన్నావా?"

ముసలామె కళ్ళు చికిలించింది. "జుగ్సలాయి పిల్లనన్నావు. మాటాడితే తెలుగేనేటి? నువ్వెవులే అసలు?"

రోహిణి వెంటనే హిందీలోకి మారింది.

"మైఁ... మైఁ యహీఁ కీ హూఁ, దాదీ."

ఇక్కడిదాన్నే అంటూ తడబడిన ఆ హిందీ విన్నాక దాలమ్మ అనుమానం ఇంకా పెరిగింది.