లిఫ్టులో మనుషులెక్కరాదు

ఆమె నాతో అన్న మొదటి మాట "దిగండి".

నేను స్టోర్సులో చేరి అప్పటికి మూడు రోజులు. ద్రవ నైట్రోజన్ క్యానును బేస్‌మెంటు నుంచి ఐదో అంతస్తు ల్యాబుకు చేర్చడం నా పని. అంత విలువైన సరుకును ఒంటరిగా పంపడం బాధ్యత అనిపించుకోదని, దాని పక్కనే నిలబడి లిఫ్టులో వెళ్లాను. తలుపు తెరుచుకుంటే ఎదురుగా ల్యాబు టెక్నీషియను, మోచేతుల దాకా తొడుగులతో.

దిగాను.

"లిఫ్టు మధ్యలో ఆగి, ఇది కారితే ఏమవుతుంది?"

"చల్లగా ఉంటుంది" అన్నాను.

"మీరు చల్లబడతారు. ఉన్న గాలినంతా అది నెట్టేస్తుంది. పీల్చుకోవడానికేం మిగలదు."

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఆ సంగతి గుర్తొచ్చి తల ఇంకా కిందికి దిగింది.

ఆ రోజే పద్ధతి నేర్పింది. నేను క్యానును లోపల పెట్టి, 'మనుషులెక్కరాదు' అన్న బోర్డు తగిలించి, ఆమెకు ఫోన్ చేసి బటను నొక్కాలి. పైన ఆమె కాచుకుని దింపుకోవాలి. అందిందని చెప్పేదాకా నేను కదలకూడదు.

అలా ఏడు నెలలు. "పంపాను"కీ "అందింది"కీ మధ్య నలభై సెకన్లు. బేస్‌మెంటుకు కిటికీ లేదని తెలిసీ, బయట వాన పడుతోందా అని అడిగేది. మీ గొంతు వింటే ఉరిమేలాగే ఉందనేవాణ్ణి. ఒకరోజు, అమ్మ నాకు సంబంధాలు చూస్తోందన్నాను. ఆమె వెంటనే "అందింది" అని ఫోన్ పెట్టేసింది.

లిఫ్టు అంకె చూస్తే, క్యాను ఇంకా రెండో అంతస్తులోనే ఉంది.

ఇంతలో ల్యాబును వేరే భవనానికి మారుస్తున్నారన్నారు. శుక్రవారం వచ్చింది, ఆఖరి క్యాను. మనసులో మాట ఇవాళ చెప్పకపోతే ఇక ఫోన్లూ ఉండవు. ఆ మాట ఫోన్లో చెప్పేదీ కాదు. "పంపాను" అని బటను నొక్కి, మెట్ల వైపు పరిగెత్తాను.

మూడో అంతస్తు మలుపులో ఆమె ఎదురైంది, రొప్పుతూ దిగుతోంది. ఇద్దరం నవ్వాం. నవ్వు సగంలోనే ఆగింది.

"పైన ఎవరున్నారు?" అన్నాను.

"కింద మీరున్నారనుకున్నాను" అంది.

ఒక్క పరుగున పైకి చేరాం. ల్యాబు పెద్ద మేడమ్ లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. క్యాను క్షేమం. ఆవిడ తిట్టలేదు, చేతికి ఒక ఫారం ఇచ్చి నింపమన్నారు.

'ఉండాల్సిన చోటు వదిలిన కారణం' అని ఒక గడి. అబద్ధం రాయడం నాకు చేతకాదు. "ఆమెకు ఒక మాట చెప్పాలని మెట్లెక్కాను" అని రాశాను. ఆమె పెన్ను లాక్కుని కింద రాసింది: "ఆ మాట ఏడు నెలలైనా పైకి రాలేదని నేనే దిగాను."

చివరి గడి, మళ్లీ జరగకుండా తీసుకునే చర్య. పెన్ను తిరిగి తీసుకున్నాను.

"రాయండి" అంది, నా వైపు చూడకుండా. "ఇద్దరి ఇళ్లల్లోనూ మాట్లాడతామని."

అక్షరం పొల్లుపోకుండా రాశాను.

మేడమ్ కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివారు. సంతకం పెట్టి, పక్కన ఒక వాక్యం చేర్చారు: "ఆలస్యం చేయక అమలుపరచి, నాకు తెలియజేయగలరు."